పేరు లేని ప్రశ్నకు తరగతిలో చోటు

వంద మందికి పైగా ఉన్న తరగతిలో "అర్థమైందా?" అని అధ్యాపకులు అడిగినప్పుడు ఎదురయ్యే నిశ్శబ్దాన్ని అంగీకారంగా భావించడం వ్యవసాయ కళాశాలల్లో చిరకాలంగా సాగుతున్న పొరపాటు. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి సందేహాలు లేకపోలేదు. వాటిని ఆంగ్లంలో, తోటివారి ఎదుట, తప్పు లేకుండా పలకవలసి రావడమే అడ్డంకి. గ్రామసభలో పెద్ద రైతుల ఎదుట కౌలు రైతులు, మహిళలు పెదవి విప్పరని విస్తరణ పాఠాల్లో బోధించేవారే తమ తరగతిలోని వెనుక వరుసను గమనించకపోవడం విచిత్రం.

మెంటిమీటర్, స్లైడో వంటి డిజిటల్ సాధనాలు ఈ అడ్డంకిని కొంతవరకు తొలగిస్తాయి. విద్యార్థి మొబైల్ ఫోన్‌లో కోడ్ నమోదు చేసి, పేరు తెలపకుండానే సమాధానం ఎంచుకోవచ్చు, ప్రశ్న పంపవచ్చు. ఉదాహరణకు, హెక్టారుకు 120 కిలోల నత్రజని అందించడానికి ఎంత యూరియా అవసరమన్న ప్రశ్నను పరిశీలించవచ్చు. యూరియాలో నత్రజని 46 శాతం గనుక సరైన సమాధానం సుమారు 261 కిలోలు. చేతులెత్తమంటే ముందు వరుసలోని ఇద్దరు ముగ్గురు సరిగానే చెబుతారు, పాఠం ముందుకు సాగిపోతుంది. పేరు లేని ఓటింగులో 55 కిలోలకు ఓట్లు పడితే మాత్రం, భాగించవలసిన చోట కొందరు గుణించారని వెంటనే తెలుస్తుంది. తరగతిలో బయటపడని ఆ తప్పు, నాలుగో సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లిన విద్యార్థి సలహాగా రైతు పొలానికి చేరే ప్రమాదం ఉంది.

అయితే ఓట్ల పట్టికను తెరపై చూపి తరువాతి స్లైడుకు వెళ్లిపోతే ప్రయోజనం స్వల్పం. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యులు ఎరిక్ మజూర్ 1990వ దశకంలో అభివృద్ధి చేసిన పద్ధతిలో విద్యార్థులు మొదట విడివిడిగా సమాధానమిచ్చి, పక్కవారితో చర్చించి, మళ్లీ సమాధానమిస్తారు. అసలు అభ్యసనం ఆ రెండు ఓట్ల నడుమ జరిగే చర్చలోనే ఉంది. ఆ చర్చ తెలుగులో సాగితే అభ్యంతరం ఉండరాదు. పంపే ప్రశ్న తెలుగులో ఉన్నా అంతే.

హాజరునో మార్కులనో ఈ సమాధానాలతో ముడిపెట్టిన నాడు గోప్యత పోతుంది, దానితో పాటు విశ్వాసమూ పోతుంది. ఈమెయిల్‌తో లాగిన్ కావాలని కోరడం కూడా అటువంటిదే. పేరు లేదన్న ధైర్యంతో అసభ్య వ్యాఖ్యలు రావచ్చుననే భయం నిరాధారం కాదు. కానీ ప్రశ్నలను అధ్యాపకులు చూసిన తరువాతే తెరపైకి పంపే సదుపాయం ఉన్నందున, ఆ భయంతో సాధనాన్నే విడిచిపెట్టనవసరం లేదు.

రైతు ఎదుట విద్యార్థి తన పేరుతోనే మాట్లాడాలి. కనుక తొలి సెమిస్టర్లలో విరివిగా వాడిన ఈ గోప్యతను క్రమంగా తగ్గించి, మూడో సంవత్సరం నాటికి అదే విద్యార్థి లేచి నిలబడి ప్రశ్నించే స్థితికి తీసుకురావాలి. ఇక సిగ్నల్ అందని గదుల్లో, ఫోన్ లేని విద్యార్థులున్న చోట, పాఠం చివర పేరు రాయని చీటీలు సేకరించి మరుసటి తరగతిని వాటి జవాబులతో ప్రారంభించవచ్చు. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకం మాత్రమే.