నిజము చెప్పిన వారికి దారి మూయరాదు

కళాశాలకు వచ్చి పోవుట చాలమంది విద్యార్థులకు ఆలోచింపవలసిన విషయమే కాదు. సైకిలు త్రొక్కుతూనో, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడియో ఎలాగో వేళకు చేరుకుంటారు. కాని పోలియో వలన కాలు చచ్చుబడిన విద్యార్థికి, ప్రమాదములో చేయి కోల్పోయిన విద్యార్థినికి అది ప్రతిదినము ఎదురయ్యే సమస్య. బస్సు మెట్టు ఎత్తు. ఆటో కిరాయి బరువు. అట్టివారు స్వయముగా వాహనము నడుపగోరుట విలాసము కొరకు కాదు. వారి చదువు, రేపటి ఉద్యోగము, ఆత్మగౌరవము దానిపై ఆధారపడి ఉన్నవి.

వికలాంగులకు లైసెన్సు రాదన్న అపోహ మన సమాజములో బలముగా నాటుకొని ఉన్నది. చట్టము అట్లు చెప్పుటలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 8వ సెక్షను ప్రకారము, దరఖాస్తుదారుని వ్యాధి గాని వైకల్యము గాని ప్రజలకో, ప్రయాణికులకో ప్రమాదకరమని తోచినప్పుడు అధికారి ఎల్.ఎల్.ఆర్. నిరాకరింపవలెను. అయితే అదే సెక్షను, అతనికి అనువుగా అమర్చిన వాహనమును నడుపగల సామర్థ్యము ఉన్నదని తృప్తి కలిగినచో ఆ వాహనమునకు పరిమితమైన లైసెన్సు ఇవ్వవచ్చునని కూడ చెప్పుచున్నది. పూర్వము ప్రత్యేకముగా నిర్మించిన వాహనములకే యీ సౌకర్యము ఉండేది. 2019 సవరణ తరువాత, మామూలు వాహనమునకు మార్పులు చేయించుకొన్నను అది వర్తించుచున్నది. స్కూటరుకు ప్రక్క చక్రములు బిగించుట, కారు బ్రేకును చేతికి అందునట్లు అమర్చుట ఇట్టివే. ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయించుట మాత్రము మరువరాదు.

ఇటీవలి అనుభవములు కూడ ఆశాజనకముగా ఉన్నవి. వినికిడి లేనివారు పరీక్షలో నెగ్గినచో లైసెన్సు పొందవచ్చునని 2011లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది. స్వల్ప, మధ్యస్థ స్థాయి వర్ణాంధత గలవారికి 2020లో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు సడలించినది. సుమారు మూడడుగుల ఎత్తు గల ఒక హైదరాబాదు వాసి తనకు అనువుగా మార్పించుకొన్న కారుపై శిక్షణ పొంది లైసెన్సు సంపాదించినట్లు 2021లో పత్రికలలో చదివినాము. పుట్టుకతోనే రెండు చేతులు లేని కేరళ యువతి జిలుమోళ్ 2023లో కాళ్ళతో కారు నడిపి లైసెన్సు అందుకొన్నది. శరీరమునకు తగినట్లు యంత్రమును మలచవచ్చునని వీరు ఋజువు చేసినారు.

ఇక అసలు చిక్కునకు వత్తము. దరఖాస్తుతో జతపరచవలసిన ఒకటవ నంబరు ఫారములో అభ్యర్థి తన ఆరోగ్యమును గూర్చి తానే ప్రకటింపవలెను. మూర్ఛ వచ్చునా? ఆకస్మికముగా స్పృహ తప్పునా? పట్టపగలు 25 మీటర్ల దూరము నుండి కారు నంబరు చదువగలరా? చేయి గాని పాదము గాని కోల్పోయినారా? ఇట్టి ప్రశ్నలు అందులో ఉన్నవి. కాలి వైకల్యము కంటికి కనబడును, దాచుటకు వీలులేదు. మూర్ఛ కనబడదు. కావున "అదేమీ వ్రాయకు, వ్రాస్తే లైసెన్సు రాదు" అని సలహా ఇచ్చే హితులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఆ సలహాను మేము ఖండిస్తున్నాము. అసత్య ప్రకటనతో పొందిన లైసెన్సును రద్దుచేయు అధికారము 19వ సెక్షను అధికారులకు ఇచ్చినది. ప్రమాదము జరిగిన పిదప బీమా సొమ్ము సైతము వివాదములో పడవచ్చు. వీటన్నిటికంటె గొప్ప విషయము మరొకటి ఉన్నది. రహదారిపై నడిచే ప్రతి బాటసారియు ఎదుటి వాహనము నడుపువాని నిజాయితీని నమ్మి నడుచుచున్నాడు. ఆ నమ్మకమును వమ్ముచేయు హక్కు ఎవరికీ లేదు. లైసెన్సు పొందిన తరువాత వ్యాధియో వైకల్యమో సంభవించినను ఇదే ధర్మము. అట్టి సందర్భములో వైద్య ధ్రువపత్రము కోరుటకు, లైసెన్సు రద్దుపరచుటకు 16వ సెక్షను వీలు కల్పించుచున్నది. అధికారి అడుగువరకు ఆగక తామే వెళ్ళి తెలుపుట మేలని మా అభిప్రాయము.

అయితే నిజము చెప్పుమని విద్యార్థిని మాత్రమే కోరి ఊరకుండుట న్యాయము కాదు. ఆ ఫారము అవునా, కాదా అని అడుగుచున్నదే గాని, చివరిసారి మూర్ఛ ఎప్పుడు వచ్చినది, చికిత్స ఏమి జరుగుచున్నది అని అడుగుటలేదు. ఏండ్ల తరబడి మందులతో స్వస్థుడై ఉన్నవానిని, నిన్న స్పృహ తప్పినవానిని అది ఒకే గాటకు కట్టుచున్నది. బ్రిటనులో ఇట్టి వ్యాధిని లైసెన్సు శాఖకు తెలుపుట తప్పనిసరి. తెలుపనిచో 1,000 పౌనుల వరకు జరిమానా. కాని 12 మాసములు మూర్ఛ రానివారు సాధారణముగా తిరిగి కారు లైసెన్సు పొందవచ్చును. అక్కడ నిజము చెప్పినవానికి తిరిగి వచ్చు దారి ఉన్నది. మన ఫారములో కూడ అట్టి దారి ఏర్పడవలెను. నిజము చెప్పుట శిక్షగా పరిణమించినచోట అబద్ధము అలవాటగును.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపములు. తరగతి గదులకు దగ్గరగా, నీడపట్టున, ప్రక్క చక్రముల స్కూటర్లకు కొంత స్థలము కేటాయింపవలెను. సంవత్సరమునకొకమారు వైద్యుని, రవాణా శాఖ ఉద్యోగిని ఆహ్వానించి, ఫారములు నింపు విధానమును ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ వివరింపజేయవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 41వ సెక్షను, వాహనములకు మార్పులు చేయించుకొనుటకు తోడ్పడు పథకములు రూపొందింపవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. మన విద్యార్థుల పక్షమున ఆ సహాయము కొరకు కళాశాల తరఫున ఉత్తరము వ్రాయవలెను.

మిత్రులారా! మీలో ఎవరికి ఏ వైకల్యమున్నను సిగ్గుపడక చెప్పండి, ధైర్యముగా దరఖాస్తు చేయండి, శ్రద్ధగా నేర్చుకొనండి. తక్కినవారలారా! మీ తోటివాడు ఎల్ బోర్డు తగిలించుకొని మెల్లగా పోవునపుడు వెనుక నుండి హారను మ్రోగించి తొందరపెట్టకండి. అతడు క్షేమముగా కళాశాల గేటు చేరుట మన అందరి బాధ్యత.