మీటర్ పెట్టి చూడకుండా జీతంలో కోత ఏంది?

అల్ ఖూజ్ క్యాంపుల్లో ఉన్న అన్నలారా, తమ్ముళ్లారా, ఈ ముచ్చట డెలివరీ బైకులు నడిపే పిల్లల గురించి రాస్తున్న. కానీ కంపెనీ సామాను చేతిలో పట్టుకొని పని చేసే ప్రతి ఒక్కరూ చదవాలి.

మా పక్క రూమ్‌లో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉంటడు. ఆరు నెలల్లో అతని బండికి మూడు బ్యాటరీలు మార్చిన్రు. మూడుసార్లూ పైసలు అతని జీతంలోనే కోసిన్రు. "చాబీ ఆన్‌లో పెట్టి పడుకుంటున్నవు" అని ఒకటే మాట. గ్యారేజీలో పాతది పీకుడు, కొత్తది పెట్టుడు, బిల్లు రాసుడు. బ్యాటరీ ఎందుకు దిగుతుందో ఎవరూ చూడలేదు. మన తమ్ముడు కూడా "నా నసీబ్ గింతే అన్నా" అని కాగితం మీద సంతకం పెట్టి ఊకున్నడు. నాకు సగం కోపం ఆ గ్యారేజీ మీద, సగం ఆ సంతకం మీద.

ఎండకు పోతది అంటరు. నిజమే, ఇక్కడి వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతది. మరి అదే ఎండలో, అదే పార్కింగ్‌లో ఉన్న పక్క బండ్లవి ఎందుకు పోలేదు?

మా సైటులో ఈఎల్‌సీబీ పడిపోతే ఏం చేస్తం? కొత్త బ్రేకర్ కొని ఎలక్ట్రీషియన్ జీతంలో కోస్తమా? ఒక్కొక్క లైను ఆపుకుంటూ పోతం. ఏ లైను ఆపితే నిలబడుతదో, లీకేజీ అక్కడ. బండికి కూడా ఇదే లెక్క.

మొన్న సెలవు రోజు క్యాంపు ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ తీసుకొని కూర్చున్నం. మీరూ ఇట్లనే చేయండి:

1. ముందు ఛార్జింగ్ చూడండి. ఇంజన్ నడుస్తుండగా కొంచెం రేస్ ఇచ్చి బ్యాటరీ మీద వోల్టు కొలవండి. సుమారు 13.5 నుంచి 14.5 వస్తే ఛార్జింగ్ బాగున్నట్టే.

2. ఇంజన్ ఆపి, చాబీ తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. ప్లస్ ముందు విప్పొద్దు, స్పానర్ ఛాసిస్‌కు తగిలితే నిప్పులు లేస్తయి.

3. మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టి, ఒక పుల్ల మైనస్ టెర్మినల్‌కు, ఇంకో పుల్ల విప్పిన వైరుకు పెట్టండి. అప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజు పోతది.

4. మామూలుగా సున్నా, లేదంటే కొన్ని మిల్లీ ఆంపియర్లే చూపాలి. ఎక్కువ చూపితే, బ్యాటరీకి డైరెక్టుగా తగిలించిన అదనపు వైర్లు ఒక్కొక్కటి, తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటి తీయండి. ఏది తీస్తే అంకె పడిపోతదో దొంగ అదే. అవన్నీ తీసినా పడకపోతే రెగ్యులేటర్ కప్లర్ పీకి చూడండి.

తమ్ముని బండి 80 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నది. అతని బ్యాటరీ 5 ఆంపియర్ అవర్. రాత్రి 10 గంటలు నిలబడితే 0.8 పోతది. సెలవు వచ్చి 36 గంటలు నిలబడితే దాదాపు 2.9 పోతది, అంటే సగం కన్నా ఎక్కువ. ఇట్ల పదే పదే దిగితే లోపలి సీసం ప్లేట్లు పాడైతయి. ఒక సన్నని వైరు తీయంగనే అంకె సున్నా దగ్గరికి పడింది. అది ఎవరు పెట్టిన వైరు? కంపెనీ బిగించిన జీపీఎస్ ట్రాకర్‌ది! పిల్లగాడు ఎక్కడ తిరుగుతున్నడో చూసే డబ్బానే బ్యాటరీని తినింది. పైసలు మాత్రం పిల్లగాడు కట్టిండు.

చట్టం ఏమంటది? 2021 నాటి ఫెడరల్ డిక్రీ చట్టం 33, ఆర్టికల్ 25 చూడండి. పనిముట్లు, యంత్రాలు పాడైనందుకు కోయాలంటే అది కార్మికుని తప్పు వల్ల, లేదా యజమాని చెప్పిన మాట దాటినందువల్ల జరిగి ఉండాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటొద్దు. మరి తప్పు ఎవరిదో కొలవకుండా తమ్ముని తప్పని ఎట్ల రాసిన్రు?

మన తప్పు కూడా చెప్పుకోవాలె. ఫోన్ ఛార్జర్, రంగు లైట్లు డైరెక్టుగా బ్యాటరీకి కట్టే పిల్లలు మనలోనే ఉన్నరు. చాబీ తీసినా అవి కరెంటు తాగుతయి. అవి చాబీ తర్వాతి లైనుకు, ఫ్యూజుతో కట్టించుకోండి. రేపు మీటర్ పెడితే మన వైరే దొరకొద్దు.

ట్రాకర్‌ను మాత్రం మీ చేతితో పీకి పారేయకండి, అది కంపెనీ సొత్తు. అంకె కనబడేటట్టు వీడియో తీసి, సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి. నోటి మాట నిలబడదు, రాత నిలబడతది. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. వినకపోతే కార్మిక శాఖ 80084, మన ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం 80046342.

తమ్ముడు వీడియో పంపిండు. ట్రాకర్ మార్చిన్రు. కోసిన పైసలు ఇంకా వాపస్ రాలేదు, అడుగుతనే ఉన్నం. నాతోటి సూపర్‌వైజర్లకు ఒక్క మాట: పిల్లగాని మీద తప్పు రాసే ముందు ఐదు నిమిషాలు మీటర్ పెట్టండి. ఆ ఐదు నిమిషాలు లేకపోతే కోత రాసే హక్కు కూడా మనకు లేదు.