ప్రేమతో కట్టిన ఆటలు

సెల్‌ఫోను పట్టుకొని మూల కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తే పెద్దలకు కోపం వస్తుంది. ఆ కోపం సహజమే. అయితే అన్ని ఆటలనూ ఒకే గాటకు కట్టివేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. సంతలో కల్తీ నెయ్యి అమ్ముతున్నారని యింట్లో కాచిన నెయ్యి కూడా పారబోస్తామా? ఆడేవాని జేబు కోసం చేసిన ఆటలు కొన్ని. ఆట మీది ఆపేక్షతో చేసిన ఆటలు కొన్ని. యీ నెల రెండవ రకం గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఆపేక్షతో ఆటలు చేయడం యిప్పుడు పుట్టిన సంగతి కాదు. గుడి అరుగు మీద పులిమేక గీతలు చెక్కినవానికి యెవరు కూలి యిచ్చినారు? వామనగుంటల పీటకు పద్నాలుగు గుంటలు తీర్చి, నునుపు పట్టించి, చింతగింజలతో సహా కూతురి చేతికిచ్చిన తండ్రికి లాభం యేమిటి? ఆ పీటనే యిక్కడి కన్నడ యిండ్లలో అళిగుళి మణె అంటారు. పేరు మారినది గాని గుంటలు మారలేదు. మైసూరు ప్రభువులు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు వారికి (1794–1868) ఆటలంటే ప్రాణం. 1831లో రాజ్యపాలన ఇంగ్లీషు కంపెనీవారు తీసుకున్నారు. ఆటలు కల్పించడం మాత్రం ఆయన మానలేదు. మైసూరు జగన్మోహన ప్యాలెస్ గోడల మీద ఆ ఆటల పటాలు చిత్రించి వున్నవి. చూడబోయినవారు గడియారాన్ని చూసి వచ్చేస్తారు. గోడలను కూడా చూడవలసినదిగా మనవి.

యిక కంప్యూటరు ఆటల మాట. అమెరికాలో సియాటిల్ ప్రాంతపు యువకుడు ఎరిక్ బరోన్. 2011లో కంప్యూటరు పట్టా పుచ్చుకున్నాడు. ఉద్యోగం దొరకలేదు. ఉద్యోగానికి పనికివచ్చే అనుభవం కోసమని చిన్న ఆట ఒకటి మొదలుపెట్టినాడు. ఆ చిన్నపని నాలుగున్నర సంవత్సరాలు పట్టినది. బొమ్మలు తానే గీసినాడు, సంగీతం తానే కట్టినాడు, కథ తానే రాసినాడు, యంత్రానికి చెప్పవలసిన లెక్కలన్నీ తానే చెప్పినాడు. నచ్చని బొమ్మను చెరిపి మళ్ళీ గీయడం, మళ్ళీ చెరపడం. యిల్లు గడవడానికి అతని సహచరి సంపాదన ఆధారం. తాను నాటకశాలలో జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని చేసినాడు. 2016 ఫిబ్రవరిలో ఆట బయటకు వచ్చినది. పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. 2024 ఆఖరుకు 4 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. తరువాత అతను చేర్చిన కొత్త భాగాలకు, 2024లో చేర్చిన పెద్ద భాగంతో సహా, కొన్నవారి దగ్గర మళ్ళీ కాసు పుచ్చుకోలేదు.

ఆ ఆటలో కథానాయకుడు మా మాదిరి ఆఫీసు గుమాస్తా. బల్ల ముందు కూర్చొని కూర్చొని విసిగి, తాత పోతూ యిచ్చిన కవరు ఒకనాడు విప్పుతాడు. అందులో పల్లెలో వున్న పాత తోట తాత అతని పేర పెట్టి వుంటాడు. అతను పోయి కలుపు తీస్తాడు, విత్తనం వేస్తాడు, నీళ్ళు పోస్తాడు. రుతువు దాటితే పైరు యెండిపోతుంది. యింతే ఆట. చంపడం ముఖ్యం కాదు, పందెమూ ముఖ్యం కాదు.

యీ ఆట కథ వింటే మా వల్లూరివారికి కొంచెం చివుక్కుమంటుంది. వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు — యీ అయిదు గ్రామాల పొలాల్లో సుమారు 13,000 ఎకరాలు సౌరవిద్యుత్తు పార్కుకు గుత్తకు పోయినవి. గుత్త మొదట ఎకరాకు సాలుకు 21,000 రూపాయలు. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమైనది. తరువాత 2,050 మెగావాట్లకు పెరిగినది. వానలు మొగం చాటేసే పావగడ తాలూకాలో యేటేటా చేతికి వచ్చే రొక్కాన్ని మేము తక్కువ చేయము. కాని వేరుశనగ వేసిన నేలలో అద్దాలు నిలిచినవి. ఆ రైతు మనుమడు విత్తనం వేయడం సెల్‌ఫోనులో నేర్చుకునే కాలం వచ్చినది. నవ్వాలో యేడవాలో తెలియదు. అయినా ఆ ఆట చేసినవాడు నేల మీది ప్రేమతోనే చేసినాడని మాత్రం ఒప్పుకోవాలి. పైరు కాపుకు వచ్చే లోపల ఓపిక పట్టడం అందులోనూ తప్పదు.

మన దేశంలోనూ యిటువంటివారు వున్నారు. హైదరాబాదులో ఓగర్ హెడ్ అనే చిన్న సంస్థవారు 2017లో ‘అసుర’ అనే ఆట చేసినారు. పూనాలో నాడింగ్ హెడ్స్ అనే సంస్థవారు ‘రాజీ’ అనే ఆట తలపెట్టి, 2017లో ప్రజల చందాలు అడిగినారు. ఆశించినంత రాలేదు. ఆ సంస్థలో ఒకాయన సొంత ఫ్లాటు అమ్మి పని నిలబెట్టినారు. 2020లో ఆట వెలువడినది. సర్కసు పిల్ల ఒకతె రాక్షసులు యెత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోవడం కథ. నడుమ నడుమ కథ చెప్పేది తోలుబొమ్మల మాదిరి నీడబొమ్మలతో. మనకు పొరుగున ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు వున్నవి. 2020లోనే ఆ కళాకారులు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినది. తోలు మీద ఆయన ఒక్కొక్క రంధ్రం పొడిచే శ్రద్ధకూ, తెర మీద ఒక్కొక్క చుక్క పెట్టేవారి శ్రద్ధకూ మాకు తేడా కనబడలేదు.

అన్నిటికన్న మా మనసుకు పట్టినది ‘వెణ్బా’. కెనడాలో టొరాంటోలో వున్న చిన్న సంస్థవారు 2023 జూలైలో తెచ్చినారు. 1980లలో కెనడా పోయిన తమిళ దంపతుల సంసారం అది. ఇల్లాలికి తల్లి యిచ్చిన వంటల పుస్తకం వున్నది, కాని పుటలు చినిగి, అక్షరాలు మాసిపోయినవి. పోయిన మాట యేదో ఊహించి ఆడేవారు ఇడ్లీ పెట్టాలి, దోసె పోయాలి. కొడుకు పెద్దవాడయ్యేకొద్దీ తల్లిమాట నాలుకకు బరువవుతుంది. స్నేహితుల ముందు యింటి అన్నం సిగ్గవుతుంది. ఆట గంటా గంటన్నరలో అయిపోతుంది. 2024లో బ్రిటిషు అకాడమీవారు తొలి ప్రయత్నాలకు యిచ్చే బహుమానం దీనికే యిచ్చినారు. తరతరాలుగా కన్నడ నాట నిలిచి, యింట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు నడుపుకుంటున్న మనకు యీ కథ పరాయిది కాదు. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవారు యెందరో, తెలుగు చదివేవారు యెందరో, చదువరులు తమ తమ యిండ్లలోనే లెక్క వేసుకోవచ్చును.

యింత చెప్పినందుకు ఫోను ఆటలన్నీ మంచివని యెవరూ అనుకోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆటలు కొంపలు ముంచినవి. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో వాటిని నిషేధించినారు. కర్ణాటకలో 2021లో చేసిన చట్టాన్ని మరుసటి సంవత్సరం హైకోర్టు కొట్టివేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటే దేశమంతటికీ చట్టం చేసినది. ఆ చట్టం పందెపు ఆటలను వద్దన్నదే గాని ఆటలను వద్దనలేదు. యీ వివేకం మన యిండ్లలోనూ వుండాలి.

మంచి ఆటను పోల్చుకోవడం యెట్లా? ఆఫీసులో లెక్కలు చూసేవారము గనుక మాకు తోచిన గుర్తులు మూడు. మొదటిది, ఒకసారి వెల కట్టి కొన్న తరువాత అడుగడుగునా చెయ్యి చాచదు. రెండవది, లేచిపోనిస్తుంది. యీ పూట రాకపోతే బహుమానం పోతుందని బెదిరించదు. మూడవది, అందులో చేసినవాని చేతి జాడ వుంటుంది. యెవరూ చూడని మూలలో కూడా ఒక చిన్న చమత్కారం, ఒక చిన్న పువ్వు పెట్టి వుంటాడు. యీ మూడూ కనిపించే దాకా పిల్లవాణ్ణి తిట్టక, పక్కన కూర్చొని పావుగంట చూడమని తల్లిదండ్రులకు మా సలహా. పక్కన కూర్చున్నందుకు వచ్చే లాభం ఆట మంచిదైనా చెడ్డదైనా నష్టం పోదు.

అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు, ఆడమ్స్‌గారి బిడ్డలు, 2002లో ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’ అనే ఆట మొదలుపెట్టినారు. 2006 నుంచి ఊరికే పంచి, ఆడేవారు యిష్టపడి పంపిన డబ్బుతోనే బ్రతికినారు. అన్నదమ్ములలో ఒకరికి జబ్బు చేసి, వైద్యం ఖర్చు భయపెట్టినప్పుడు గాని అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన రాలేదు. 2022 డిసెంబరులో పెట్టినారు. యిరవై యేండ్ల ఋణం జనం ఒక్క నెలలో తీర్చినంత పని చేసినారు. ప్రేమతో చేసినదానికి గిరాకీ లేదనేవారు యీ సంగతి గుర్తుంచుకోవాలి.

తమిళ ఇడ్లీకి ఒక ఆట దొరికినది. మన రాగిసంగటికి, మన పులిమేకకు, మన యింటి తెలుగుకు అటువంటి ఆట మేము చూడలేదు. చేయగల పిల్లలు మన కుటుంబాల్లో వున్నారు. బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చున్నవారు మనకు తక్కువా? వారికి కావలసిన సరుకు మాత్రం ముసలివారి నోట వున్నది. కనుక చదువరులకు ఒక మనవి. మీ యింట్లో ఆడిన పులిమేక, దాడి, అష్టాచెమ్మా, వామనగుంటలు — వీటి నియమాలు, ఆడేటప్పుడు అనే మాటలు, మీ అమ్మమ్మ లెక్కపెట్టిన పద్ధతి — ఒక కార్డు మీద రాసి పత్రికకు పంపండి. ఊరికొక తీరు వుంటుంది. తప్పేమీ లేదు, అన్నీ పంపండి. మేము వరుసగా అచ్చు వేస్తాము. యే పిల్లవాడు దేన్ని యెత్తుకుంటాడో చూద్దాము.