కత్తెర పట్టేముందు...

"ఇంట్లోనే వీడియో ఎడిటింగ్ మొదలెడదామని ఉంది, ఏ కంప్యూటర్ కొనమంటారు?" అని మిత్రులు తరచూ అడుగుతుంటారు.

ముందు నా నిర్వాకం వినండి! ఉన్న డబ్బంతా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద కుమ్మరించి, 8 జీబీ ర్యామ్‌తోనూ, ఒకే ఒక్క పాత హార్డ్ డిస్క్‌తోనూ సరిపెట్టుకున్నాను. చెల్లెలి పెళ్ళి వీడియో ఎక్కిస్తే బొమ్మ నాలుగడుగులు వేసి ఆగేది. ఓ రోజు డిస్కే ఆగిపోయింది! అప్పగింతలప్పుడు కంటతడి పెట్టిన నాన్నగారి ముఖం అందులోనే ఉండిపోయింది. ఇవాళ నాన్నగారూ లేరు.

అందుకే చెబుతున్నాను. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కె వీడియో గంటకు 45 జీబీ మింగుతుంది. కాబట్టి 16 జీబీ ర్యామ్, పని చేసుకోవడానికి ఎస్.ఎస్.డి., ఇంకో కాపీ దాచుకోవడానికి వేరే డిస్కు... ముందు ఈ మూడూ చూసుకోండి. మొదట్లో చిన్న చిన్న పనులు ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో సాగిపోతాయి.

వెనకటి ఎడిటర్లు రష్ ప్రింట్ మీదే కత్తెర వేసేవారు. నెగటివ్ ల్యాబ్‌లో భద్రంగా ఉండేది. ఇప్పటి 'ప్రాక్సీ' కూడా అలాంటిదే. పెద్ద వీడియోకి తేలికపాటి నకలు తీసి, దాని మీద కోతలు కొయ్యండి. మామూలు కంప్యూటరూ చకచకా నడుస్తుంది. చివరికి ఫైలు తయారయ్యేది అసలు వీడియో నుంచే!

కార్డు వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు. నాన్నగారి కన్నీటిచుక్కకి రీటేక్ లేదు కదండీ! ఉంటాను మరి... వచ్చేవారం కలుద్దాం.