అంబారీ కాదు నాయనా, అది బండి!

మా కొండపల్లిలో అంబారీ ఏనుగు లేని అద్దాల బీరువా ఉండదు. తెల్లపొణికి కర్రతో చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, రంగులు వేసిన ఏనుగు. పైన రాజుగారు, ముందు మావటివాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ చూస్తున్నాను గానీ, అంబారీ ఎక్కే యోగం మాత్రం నాకు మొన్న వేసవిలోనే పట్టింది.

మా అక్క కొడుకు తన పికప్పు బండి తెచ్చి వాకిట్లో ఆపి, "ఎక్కు పిన్నీ, నూజివీడు పెళ్లికి నేనే తీసుకెళ్తాను" అన్నాడు. ఎక్కడమే! ఫుట్‌బోర్డు నా మోకాలికి పైన ఉంది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో, తలుపు పిడి ఇంకో చేత్తో పట్టుకుని మూడుసార్లు ప్రయత్నించి, చివరికి వంటింట్లోంచి పీట తెప్పించుకుని ఎక్కాను. డెబ్భై దాటిన మా అమ్మ ఆ పీట వంకా, బండి వంకా చూసి, "నేను బస్సులో వస్తాలే నాయనా" అంది.

మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. నేను మాత్రం నవ్వలేకపోతున్నాను. ఎందుకంటే ఈ జబ్బు మా ఇంటితో ఆగేది కాదు.

మా వాడికి మైలవరం దారిలో మామిడితోట ఉంది. కాయ కోసి నున్న మార్కెట్టుకి వెయ్యడానికి పికప్పు కొన్నాడు. కొనాల్సిందే, కాదనను. ఆ బండి కంపెనీ నించి వచ్చినప్పుడు బుద్ధిగానే ఉంది. ఈలోగా డల్లాసులో ఉన్న వాళ్ల బాబాయి కొడుకు తన బండి ఫొటోలు పంపించాడు. అక్కడి పికప్పులు మన పశువుల కొట్టమంత ఉంటాయి కదా! అంతే, వీడికి నిద్ర పట్టలేదు. ఒక షెడ్డుకి తోలుకెళ్లి, బాడీ పైకి లేపించి, 29 అంగుళాల టైర్లు తీసేసి 33 అంగుళాలవి వేయించాడు. అయిన ఖర్చు చెపితే మీరు నమ్మరు. మా అక్క మాత్రం నమ్మింది, ఎందుకంటే అందులో సగం ఆవిడ గాజుల మీద తెచ్చిందే.

"ఇంత డబ్బు పోసి ఏం సాధించావురా?" అని అడిగాను.

"నీకు తెలీదులే పిన్నీ, ఇది మెకానికల్ సంగతి" అన్నాడు.

చూశారా! బి.ఏ. చదివి కథలు రాసుకునే పిన్నికి చక్రాల సంగతి ఏం తెలుస్తుంది? సరే, తెలుసుకుందామని కూర్చున్నాను. తెలుసుకున్నాక అర్థమైందేమిటంటే, ఇది మనకి తెలియని విద్యేం కాదు. తొక్కుడు కుట్టుమిషను తొక్కిన ప్రతి ఆడదానికీ తెలిసిందే. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం. కింద చక్రాన్ని ఇంకా పెద్దది చేశారనుకోండి, ఒక్క తొక్కుకి ఎక్కువ కుట్లు పడతాయి. కానీ కాలికి బరువు! దళసరి గుడ్డ వచ్చిందంటే మిషను మొరాయిస్తుంది. బండీ అంతే. టైరు పెద్దదయితే చక్రం ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. ఆ ఎక్కువ దూరానికి ఇంజను ఎక్కువ ముక్కాలి. లోడు మీద గట్టు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది, క్లచ్చి కాలుతుంది, డీజిలు తాగుతుంది.

దీనికి మందు లేకపోలేదు. ఇరుసులో క్రౌను, పినియను అని రెండు పళ్ల చక్రాలుంటాయి. ఇంజను నించి వచ్చే షాఫ్టు 41 సార్లు తిరిగితే చక్రం 10 సార్లు తిరిగేట్టు ఉందనుకోండి. 29 పోయి 33 వచ్చినప్పుడు, పాత బలం రావాలంటే ఆ 41ని దాదాపు 47 చెయ్యాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒకే లెక్కన మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే రెండూ పోట్లాడుకుని విరుగుతాయి. ఇదంతా చేయించాడా మావాడు? లేదు. షెడ్డువాళ్లు ఆ మాటే ఎత్తలేదట. జాకెట్టు పెద్దది కుట్టి చేతులు పాతవే అతికించినట్టుంది.

ఇంకో చోద్యం వినండి. ముందున్న మీటరుకి కొత్త టైర్ల సంగతి తెలీదు. అది పాత లెక్కే చెపుతుంది. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 91 మీద పోతూ ఉంటుంది. ఆ రోజు పెళ్లికి పోతూ "నెమ్మదిగానే పోతున్నాను పిన్నీ" అని వాడు ఒట్టు పెట్టుకుంటే నేనూ నమ్మాను. వాడి తప్పు కూడా కాదు, మీటరే అబద్ధమాడుతోంది.

"బుడమేరు వరద వచ్చినప్పుడు చూశావుగా, ఎత్తు బండి ఉంటేనే బతికేది" అన్నాడు చివరి అస్త్రంగా. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగిన రోజులు నేను మర్చిపోలేదు. కానీ ఆ వారం జనాన్ని మోసినవి పడవలూ, ట్రాక్టర్లూ, జేసీబీలూ. ట్రాక్టరుకి వెనక చక్రం పెద్దదంటే షోకు కోసం కాదు. దానికి తగ్గ నిదానమైన గేర్లు, తగ్గ ఇరుసు పుట్టుకతోనే ఉన్నాయి. పైగా నాలుగంగుళాలు పెద్ద టైరు వేస్తే వెనక ఇరుసు కింద జాగా పెరిగేది రెండంగుళాలే. మిగతా ఎత్తంతా పై బాడీకే. అంటే అడుగున తగిలేది తగులుతూనే ఉంటుంది, పైన ఊగేది మాత్రం ఇంకాస్త ఊగుతుంది.

ఆ ఊగుడు సంగతి మా వీధి చివర బొమ్మలు చేసే తాతగారు ఒక్క ముక్కలో చెప్పారు. "ఎడ్లబండి బొమ్మకి చక్రం పెంచాలంటే ఇరుసూ వెడల్పు చెయ్యాలమ్మా. లేకపోతే పిల్లలు లాగే లాగుడికి పక్కకి పడిపోద్ది." బొమ్మకి పనికొచ్చే ఈ ఇంగితం లక్షలు పోసి కొన్న బండికి అక్కర్లేదా?

పోనీ తోటలో ఏమైనా సుఖపడ్డారా? ఈ ఏడాది కాయ ఎత్తే కూలీ ఆడవాళ్లని అడగండి. నిరుడు నడుము ఎత్తుకి లేపితే బండిలో పడే మామిడి ట్రే, ఈ ఏడు రొమ్ము దాకా లేపాల్సి వచ్చింది. రోజుకి కొన్ని వందల ట్రేలు! వాడి గొప్ప వాళ్ల నడుములు మోశాయి. కూలి మాత్రం పెరగలేదు.

ఇక అసలు సంగతి. పెళ్లి నించి వచ్చిన మూడో రోజు సాయంత్రం, వాడు బండి తియ్యబోతున్నాడు. అరుగు మీద కూర్చున్న మా అమ్మ "ఆగరా!" అని ఒక్క కేక పెట్టింది. బండి ముందు మా పక్కింటి నాలుగేళ్ల పాప వంగుని బంతి తీసుకుంటోంది. బానెట్టు ఆ పిల్ల తలకన్నా ఎత్తు. వాడు దిగి, పిల్లని చూసి, అక్కడే కూలబడ్డాడు. "కనపడలేదు అమ్మమ్మా, నిజంగా కనపడలేదు" అంటూనే ఉన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు.

డల్లాసు ఫొటోలు చూసి మురిసేవాళ్లు ఆ దేశం లెక్కలూ చూడాలి. అక్కడి ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ వారు 2023లో చెప్పారు: ముందు భాగం 40 అంగుళాలు మించి ఎత్తున్న బండి గుద్దితే, 30 అంగుళాలలోపు వాలుగా ఉన్న కారుకన్నా, నడిచేవాళ్లు చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. అవి కంపెనీలు చేసిన బండ్లే. మనం ఆపైన ఇంకా లేపుతున్నాం!

చట్టం మాత్రం ఊరుకుందా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ కొలతలు మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టం ప్రకారం ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే.

అమ్మలూ, అక్కలూ, బండి మగవాళ్ల సంగతని మనం తప్పుకోవద్దు. గాజులు మనవి, నడుములు మనవి, పిల్లలు మనవాళ్లు. టైర్లు మార్చాలంటే మార్చనివ్వండి. కంపెనీ పుస్తకంలో రాసిన కొలతే వెయ్యమనండి. ఆ కొలతకి తగ్గ బరువు మోసేవేనా అని అడగండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో చేసిందని అర్థం. అది చదివి, పాత సరుకైతే వద్దనండి. గట్టి నేలకీ బురదకీ తగ్గ గీతలు ఎంచుకోమనండి. అదీ అసలైన ఎంపిక. మనం వంకాయల్ని తిప్పి చూసి కొనమూ?

మావాడు పాత చక్రాలు మళ్లీ బిగించాడు. పెద్దవి పశువుల కొట్టంలో పట్టా కింద ఉన్నాయి. వాటిని కొంటానని ఇబ్రహీంపట్నం నించి ఎవరో కుర్రాడు రెండుసార్లు ఫోను చేశాడట. ఆ కుర్రాడికీ ఒక పిన్ని ఉండే ఉంటుంది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడ కోసం రాశాను.