కెమెరా కబుర్లు: దూరపు కొండలు, నల్లని కొండమేక



ఈపో నుంచి ఒక యువ సభ్యుడు మాకు ఉత్తరం వ్రాశాడు. చదువు ముగించి ఈ మధ్యనే ఉద్యోగంలో చేరాడట. దాచుకున్న డబ్బుతో ఒక టెలిఫొటో లెన్సు కొనాలని అతని కోరిక. "మా ఊరి సున్నపురాయి కొండల మీద కంబింగ్ గురున్ తిరుగుతుందని మా తాతగారు చెప్పేవారు. దాన్ని ఫొటో తియ్యాలి. 300 చాలునా, 600 కొనాలా? దుకాణం వారు పెద్దదే తీసుకోమంటున్నారు" అని అడిగాడు.

దీనికి జవాబు చెప్పే అర్హత మాకు కొంత ఉన్నదనుకుంటాము. ఆ కొండమేక కోసం వెళ్ళి భంగపడి వచ్చినవాళ్ళలో మేమూ ఒకరం గనుక.

ముందు జంతువు సంగతి. మలేసియా అడవుల్లో అడవిగొర్రె లేదు. గొర్రెలకూ మేకలకూ దగ్గరి చుట్టమైన ఈ కంబింగ్ గురున్ మాత్రం ఉన్నది. ఇంగ్లీషువారు దీన్ని సీరో అంటారు. నల్లని ఒళ్ళు, మెడమీద జూలు, చిన్న కొమ్ములు. ఒంటరిగా తిరుగుతుంది. తెల్లవారుజామునా సందెవేళా బయటికి వచ్చి, మనిషి కాలు నిలవని రాతి అంచుమీద చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. 2010 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనికి పూర్తి రక్షణ ఉన్నది. చంపడం, పట్టుకోవడం నేరం. ఫొటో తియ్యడానికి మాత్రం ఓపిక ఉంటే చాలు.

ఇక మా కథ. 1986లో మేము ఒక పాత అద్దాల లెన్సు కొన్నాము. 500 మిల్లీమీటర్లది. పొట్టిగా, తేలికగా ఉన్నదని మురిసిపోయాము. ఎపర్చరు మాత్రం ఎఫ్ 8 దగ్గరే బిగిసి ఉంటుంది, పెంచడానికీ తగ్గించడానికీ వీలు లేదు. ఒక ఆదివారం తెల్లవారకముందే కింటా లోయలో ఒక కొండ కింద కాపు వేశాము. తెల్లవారాక ఆ నల్లని ప్రాణి అంచుమీదికి వచ్చింది. దాదాపు పది నిమిషాలు నిలబడి మా వంకే చూసింది. మా కెమెరాలో ఉన్నది నూరు వేగపు ఫిల్ము. ఆ వెలుతురుకు షట్టరు సెకనులో ముప్ఫయ్యో వంతుకు దిగిపోయింది. స్టాండు చూస్తే కొంగ కాళ్ళలాంటిది. పన్నెండు ఫొటోలు తీశాము. కడిగించి చూస్తే పన్నెండింటిలోనూ ఆవగింజంత నల్లచుక్క, అదీ వణుకుతూ! ఇంట్లో అందరూ "ఏదీ మేక?" అని అడిగినవారే.

అప్పుడు కూర్చుని లెక్క వేశాము. కొనకముందే వెయ్యవలసిన లెక్క అది. బడి పుస్తకాల్లో నాభ్యంతరం అని చదువుకున్నామే, అదే లెన్సు మీద వ్రాసి ఉండే అంకె. జంతువు పొడవును ఆ అంకెతో గుణించి, జంతువు ఉన్న దూరంతో భాగిస్తే ఫిల్ము మీద పడే బొమ్మ కొలత వస్తుంది. కొండమేక పొడవు సుమారు మీటరున్నర. దూరం 300 మీటర్లు, లెన్సు 500 అయితే బొమ్మ రెండున్నర మిల్లీమీటర్లు. ఫిల్ము మీది చట్రం వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆవగింజ కాక మరేమి పడుతుంది?

ఈనాటి కెమెరాలలో సెన్సరు చిన్నదైతే అదే బొమ్మ చట్రంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఏపీయస్-సి రకం సెన్సరు వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. దానిమీద 400 లెన్సుతో 150 మీటర్ల దూరాన ఉన్న కొండమేక చట్రంలో ఆరో వంతు నింపుతుంది. 600 అయితే నాలుగో వంతు. అదే 300 మీటర్లయితే 600 లెన్సుకైనా ఎనిమిదో వంతే. కాబట్టి తమ్ముడూ, ముందు దుకాణానికి కాదు, కొండ దగ్గరికి వెళ్ళు. ఒక బైనాక్యులర్సు తీసుకుని నాలుగు ఉదయాలు కూర్చో. మేక ఎక్కడ నిలబడుతుందో, నీకు నిలబడే చోటు ఎక్కడ దొరుకుతుందో చూసి, రెంటి మధ్య దూరం పటం మీద కొలుచుకో. ఏ లెన్సు కావాలో ఆ దూరమే చెబుతుంది.

రెండవది వెలుతురు. ఎఫ్ 2.8 లెన్సు లోపలికి తెచ్చే వెలుతురు ఎఫ్ 5.6 తెచ్చేదానికి నాలుగింతలు. అందుకే దాని బరువూ ధరా కూడా అలాగే ఉంటాయి. ఎఫ్ 4 ఎపర్చరు గల 600 లెన్సు ఒకటే మూడు కిలోలు తూగుతుంది. 150 నుంచి 600 దాకా సాగే జూమ్ లెన్సులు రెండు కిలోల దరిదాపుల్లో దొరుకుతాయి. వాటిని 600కి సాగదీస్తే ఎపర్చరు ఎఫ్ 6.3కు తగ్గుతుంది. అయినా దిగులు పడనక్కరలేదు. మా కాలంలో ఫిల్ము వేగం నూరైతే, ఇప్పటి సెన్సర్లు 3200 దగ్గర కూడా శుభ్రంగా పనిచేస్తాయి. చేతి వణుకును సర్దే ఏర్పాటూ లెన్సులోనో కెమెరాలోనో ఉంటుంది. అది మన వణుకును ఆపుతుందే గాని జంతువు కదలికను ఆపదు. కదలకుండా నిలబడే కొండమేకకు అది వరం. ఎగిరే పక్షికి మాత్రం షట్టరు వేగమే గతి.

టెలి కన్వర్టరు తగిలించి చిన్న లెన్సును పెద్దది చేద్దామని కొందరికి ఆశ. 1.4 రెట్లది సగం వెలుతురు తినేస్తుంది. రెండు రెట్లది ముప్పాతిక తినేస్తుంది. ఉదయపు మసక వెలుతురులో అది అప్పు చేసి పప్పుకూడు తిన్నట్లే.

మూడవది, ఆ లెన్సుకు ఇంకా ఏ పని ఉన్నదో చూసుకోవాలి. కొండమేక నెలకొకసారైనా కనబడుతుందని హామీ లేదు. క్వాలా సెలాంగోర్‌లో బుకిట్ మెలావతి మీది వెండి కోతులు మన చేతికి అందేటంత దగ్గరికి వస్తాయి. వాటికి 600 అడ్డమే, చిన్న జూమ్ చాలు. బుకిట్ ఫ్రేజర్ పక్షులకు 400 బాగుంటుంది. ఎంగ్గాంగ్ పక్షి గూడు దగ్గర మాత్రం ఎంత పొడుగు లెన్సు ఉంటే అంత పుణ్యం. ఆడపక్షి చెట్టు తొర్రలో మూసుకుని గుడ్లు పొదుగుతుంటే, మగపక్షి సన్నని సందులోంచి మేత అందిస్తుంది. మనం దగ్గరికి వెళ్ళి మగపక్షిని బెదరగొడితే లోపల తల్లీ పిల్లా పస్తుంటారు. సెలవులకు ఆంధ్రదేశం వెళ్ళేవారికి పులికాట్ రాజహంసలు గట్టుకు చాలా దూరాన నిలబడి కనిపిస్తాయి. అక్కడ 600 ఉన్నా ఇంకొంచెం ఉంటే బాగుండుననిపిస్తుంది. కేరళలో ఎరవికుళం కొండల మీది వరయాడు మేకలు మాత్రం మనుషులకు అలవాటు పడి దారి పక్కనే మేస్తాయి. ఒకే జాతి చుట్టాలు, ఒకచోట 200 చాలు, ఇంకొకచోట 600 చాలదు!

ఇంకొక మాట. మధ్యాహ్నం సున్నపురాయి వేడెక్కితే మధ్యనున్న గాలి మరుగుతున్న నీరులా ఆడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సైనా మసకబొమ్మే ఇస్తుంది. ఎండ ముదరకముందే పని ముగించాలి. ఇంటికి వచ్చాక లెన్సును తోలుసంచిలో పెట్టి బీరువాలో దాచవద్దు. ఈ దేశపు చెమ్మకు అద్దాల మీద బూజు పడుతుంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. మా అద్దాల లెన్సు చివరికి ఆ బూజుకే బలి అయింది.

ఇక సూటిగా జవాబు. నీ దూరం 150 మీటర్ల లోపయితే 100 నుంచి 400 దాకా సాగే జూమ్ కొనుక్కో. భుజాన వేసుకుని ప్రతి ఆదివారం కొండకు వెళ్ళగలవు. అంతకు మించితే 150-600 తీసుకో, గట్టి స్టాండు కూడా కొను. 300 మీటర్లు దాటితే ఏదీ కొనకు, ఇంకొక చోటు వెతుకు. ఏదైనా సరే, ఒక శనివారం అద్దెకు తెచ్చి చూసిన తరువాతే డబ్బు కట్టు.

ఆలస్యం మాత్రం చెయ్యవద్దు. పహాంగ్‌లో బుకిట్ పాంచింగ్ అనే సున్నపురాయి కొండను క్వారీకోసం పూర్తిగా తవ్వివేశారు. ప్రపంచంలో ఆ ఒక్క కొండమీదనే బతికిన ఒక చిన్న నత్తజాతి కొండతోపాటే పోయింది. 1986లో మేము చూసిన ఆ రాతి అంచు కూడా ఇప్పుడు లేదు. తరువాతి సంవత్సరాలలో కొండ ఆ పక్క ముఖమంతా క్వారీకి పోయింది. అక్కడ ఒక కొండమేక పది నిమిషాలు నిలబడిందని చెప్పడానికి మా దగ్గర ఉన్న సాక్ష్యం పన్నెండు నల్లచుక్కలు. వాటిని చూపి ఎవరిని నమ్మించగలము?

దూరపు కొండలు నునుపు అని మనవారన్నారు. దగ్గరికి తెచ్చి చూపితేనే ఆ నునుపులో ఒక ప్రాణం నిలబడి ఉన్నదని లోకానికి తెలుస్తుంది. మీ తాతగారు నోటితో చెప్పినదాన్ని నువ్వు బొమ్మతో చెప్పు. ఫొటో వచ్చిన రోజున మొదటి ప్రతి మాకు పంపడం మరచిపోకు.

వచ్చే నెల ఇంట్లో పెళ్ళి ఫొటోలు తియ్యడం గురించి ముచ్చటించుకుందాము. అందాకా సెలవు.