మోటారు సైకిలు ప్రమాదములు – చెట్టుక్రింది రాజీలు

కోతకాలము వచ్చినదన్న నూజివీడు ప్రాంతపు రోడ్లకు రాత్రియు పగలును ఒక్కటే. బంగినపల్లి, చిన్నరసము, కలెక్టరు కాయలతో నిండిన ట్రాక్టరు ట్రక్కులును లారీలును ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టునకు సాగుచునే యుండును. వాని నడుమ మన రైతు మోటారు సైకిలుపై తోటకును ఇంటికిని తిరుగుచుండును. ఈ పత్రికలో మేము సాధారణముగా పూతను గూర్చియు పురుగును గూర్చియు వ్రాయుదుము. ఈ మాసము రోడ్డును గూర్చి వ్రాయుచున్నాము. ఏలయన, మా యెరుకలో ఒక మంచి తోట యొక్క రెండేండ్ల కాపు పురుగుచే గాక ఒక కాగితముచే పోయినది.

ఆ రైతు కాయలు తూకము వేయించి, చీకటి పడిన పిమ్మట ఇంటికి వచ్చుచుండెను. రోడ్డుపై ఎర్రదీపము గాని మెరయు బిళ్లలు గాని లేక నిలిపియుంచిన ట్రక్కును వెనుకనుండి గుద్దుకొనెను. తొడయెముక విరిగెను. ట్రక్కు గలవారు పొరుగూరివారు, ఎరిగినవారు. మరునాడే పెద్దలు చెట్టుక్రింద కూర్చుండి ముప్పదివేల రూపాయలకు రాజీ చేసి, ఇకమీదట ఎట్టి తగవును లేదని కాగితము వ్రాయించిరి. పోలీసులకు తెలుపలేదు. కేసు గొడవ యెందుకని ఆసుపత్రిలో "తానే జారిపడెను" అని చెప్పిరి. అచట నట్లే వ్రాసికొనిరి. ఎముక సరిగా అతుకలేదు. రెండవ ఆపరేషను చేయవలసి వచ్చెను. ఆ ఖర్చునకై రెండేండ్ల కాపును ముందుగానే వర్తకునకు వ్రాసియిచ్చెను. తొమ్మిది నెలల పిమ్మట కఱ్ఱ యూతతో మాయొద్దకు వచ్చి, "అయ్యా, ఇప్పుడేమైన చేయవచ్చునా?" అని యడిగినప్పుడు ధైర్యముగా చెప్పదగిన మాట మాకు దొరకలేదు.

రాజీ పడుట తప్పని మేమనము. ఊరిలో కలిసి బ్రతుకవలసినవారికి తగవుకంటె రాజీయే మేలు. కాని ప్రమాదపు రాజీలో ఒక విపరీతము కలదు. ప్రతి మోటారు వాహనమునకును ఇతరులకు కలుగు హాని నిమిత్తము ఇన్సూరెన్సు ఉండి తీరవలెనని చట్టము నిర్బంధించినది. ట్రక్కు గలవారు ఏటేట ఆ సొమ్ము కట్టుచునే యున్నారు. చెట్టుక్రింది రాజీలో వారు తమ జేబునుండి మరల ముప్పదివేలు చెల్లించిరి. గాయపడినవాడు తన కాపును అమ్ముకొనెను. సొమ్ము తీసికొన్న కంపెనీ మాత్రము ఒక్క కాసు ఖర్చు లేక నిశ్చింతగా నుండెను. కావున పరిహారమునకు అర్జీ పెట్టుట పొరుగువానిపై పగ సాధించుట కాదు. పొరుగువాడు ముందే కొనియుంచిన రక్షణను వాడుకొనుట మాత్రమే.

ఈ హక్కు నేటిది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1956లో చేసిన సవరణచే ప్రమాదముల ట్రిబ్యునళ్లు ఏర్పడెను. ఇప్పుడు అమలునందున్న 1988 నాటి చట్టమును 2019లో విశేషముగా సవరించిరి. తేనెమంచు పురుగునకు సమయమున మందు కొట్టక, పూత మాడిన పిమ్మట కొట్టిన నేమి ఫలము? ఈ చట్టము విషయమును అంతియే. కావున చేయవలసిన పనులను కాలక్రమమున చెప్పెదము.

మొదటి గంటలో ప్రాణమే ముఖ్యము. 108కి ఫోను చేయవలెను. సాక్ష్యమునకు పిలుతురేమో యని దారిన పోవువారు తొలగిపోవుట మనము చూచుచున్నాము. గాయపడి దారిలో పడియున్న వానిని ఇద్దరు పెద్దమనుషులు చూచి తొలగిపోగా, పరాయివాడైన సమరయుడు ఎత్తుకొనిపోయి కాపాడిన కథ మేము బడిలో చదువుకొన్నాము. ఆతని పేరనే చట్టములో 134-ఎ అను సెక్షను చేరినది. సద్బుద్ధితో సాయపడినవానిపై సివిలు కేసు గాని క్రిమినలు కేసు గాని ఉండదు. తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. ఇక 2025 మే నెలలో ప్రకటింపబడిన కేంద్ర పథకము ప్రకారము, గాయపడినవారికి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, నిర్ణీత ఆసుపత్రులలో రొక్కము కట్టకుండ చికిత్స జరుగవలెను. ఆసుపత్రిలో చేర్చువారు ఈ మాట అడిగి తీరవలెను.

ఆసుపత్రిలో జరిగినది జరిగినట్లు చెప్పుడు. "జారిపడెను" అను ఒక్కమాట తరువాత వేయి సాక్ష్యములను చెరుపును. మొదటి దినముననే పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసియిచ్చి, ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసికొనవలెను, ఫిర్యాదుదారునకు దానిని ఉచితముగా నీయవలెను. వాహనములను కదల్పకముందు సెల్‌ఫోనుతో ఫోటోలు తీయుడు. ఎదుటి వాహనపు నంబరును, నడపినవాని లైసెన్సును, ఇన్సూరెన్సు కాగితమును, చూచినవారి పేర్లను వ్రాసికొనుడు. గాయముల సర్టిఫికెట్టు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు, అద్దె కారు రసీదులు అన్నియు ఒక సంచిలో దాచుడు.

2022 నాటి నియమముల ప్రకారము పోలీసులు నలువదియెనిమిది గంటలలో ట్రిబ్యునలునకును కంపెనీకిని మొదటి నివేదిక పంపవలెను. మూడు నెలలలో పూర్తి నివేదిక నీయవలెను. దానినే పరిహారపు అర్జీగా ట్రిబ్యునలు స్వీకరింపవచ్చును. అయినను దానినే నమ్ముకొని ఊరకుండుట మంచిది కాదు. 2022 ఏప్రిల్ 1 నుండి అర్జీకి ఆరునెలల గడువు విధింపబడినది. ఆ గడువుపై సుప్రీం కోర్టులో వ్యాజ్యములు నడువగా, గడువు దాటినదను కారణముననే అర్జీలను కొట్టివేయరాదని 2025లో ఆ కోర్టు తాత్కాలికముగా ఆదేశించినది. తాత్కాలికపు ఆజ్ఞను నమ్మి జాగు చేయక, ఆరు నెలలలోపుననే అర్జీ పెట్టుట క్షేమము. ప్రమాదము ఏ దూరదేశమున జరిగినను, మన నివాసమునకు సంబంధించిన ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును.

ఎంత సొమ్ము రావచ్చును? తప్పెవరిదని నిరూపింపకయే, మరణమునకు అయిదు లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు ఇప్పించు సెక్షను కలదు. కాని ఆ సొమ్మును స్వీకరించినచో ట్రిబ్యునలులోని పెద్ద అర్జీ రద్దగును. కావున ఆలోచించి సంతకము చేయవలెను. గుద్ది పారిపోయిన వాహనము తెలియనిచో ప్రభుత్వ నిధినుండి మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేలు లభించును. ఇక తప్పు నిరూపితమైనచో లెక్క ఎట్లుండునో చూడుడు. ముప్పదియెనిమిదేండ్ల వాడు, నెలకు 12,000 రూపాయల ఆదాయము గలవాడు, నలుగురిని పోషించువాడు మరణించెను అనుకొందము. ఏటికి 1,44,000, మీదటి అభివృద్ధికై నూటికి నలుబది చేర్చగా 2,01,600, తన సొంత ఖర్చునకై నాలుగవ వంతు తీసివేయగా 1,51,200, ఆ వయస్సునకు గుణకము 15, మొత్తము 22,68,000 రూపాయలు. సుప్రీం కోర్టు 2009, 2017 సంవత్సరముల తీర్పులలో స్థిరపరచిన పద్ధతి ఇది. చెట్టుక్రింద బేరమాడువారు ఈ సంఖ్యను ముందుంచుకొని మాటాడవలెను.

ఇచట రైతునకు ప్రత్యేకమైన చిక్కు కలదు. రైతు పోయినను భూమి మిగిలియుండును గనుక, పోయినది ఆతని కష్టమును ఆజమాయిషీయును మాత్రమే యని సుప్రీం కోర్టు 2003లో చెప్పినది. కావున తన చేతి కష్టమునకు ఆధారము లుంచుకొనని రైతు నష్టపోవును. తోట కౌలు కాగితము, మార్కెట్టులో ఇచ్చిన అమ్మకపు చీటీలు, పాలకేంద్రపు పుస్తకము, మన సంఘపు ఖాతా, ట్రాక్టరు కిరాయి లెక్క – ఇవియే ఆతని జీతపు రసీదులు. అవి లేనివారు నిరాశ చెందనక్కరలేదు. ప్రమాదములో కాలు పోగొట్టుకొన్న ఒక కూరగాయల వర్తకునకు ఆదాయపు కాగితము లేకున్నను, నెలకు 6,500 రూపాయలుగా నెంచి, ఆతని పనికి నూటికి 85 వంతులు నష్టము కలిగినదని 2014లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఇంటి పనిచేయు స్త్రీ శ్రమకును వెల కట్టవలెనని 2021లో చెప్పినది.

మన పక్షపు లోపములను దాచరాదు. ఇన్సూరెన్సు లేని బండి ఇతరుని గుద్దినచో పరిహారము యజమాని ఆస్తినుండి పోవును, అనగా తోటనుండి. 2022లో నిర్ణయించిన రేటు ప్రకారము 75 మొదలు 150 సి.సి. వరకు గల మోటారు సైకిలునకు ఆ కనీసపు ఇన్సూరెన్సు ఏటికి 714 రూపాయలు, పన్ను వేరు. లైసెన్సు లేని కుమారునకు బండి యిచ్చినచో కంపెనీ ముందు చెల్లించి, పిదప మననుండి వసూలు చేయవచ్చును. బండి అమ్మి పేరు మార్పింపనివాడు దాని తరువాతి ప్రమాదములకు బాధ్యుడని 2018 తీర్పు. కనీసపు పాలసీ మాత్రమే యున్నచో వెనుక కూర్చున్నవానికి ఆ బండి కంపెనీ చెల్లింపనక్కరలేదని 2006 తీర్పు. ఎరువు తెచ్చిన బండిపై పోవుచు ఎడ్లబండిని గుద్దుకొని మరణించినవాడు యజమాని స్థానముననే నిలుచునని, తప్పు చూడకుండ ఇచ్చు పరిహారము ఆతని కుటుంబమునకు రాదని 2009 తీర్పు. మోటారు సైకిలును ఎద్దునువలె ఇచ్చిపుచ్చుకొను మన అలవాటునకు ఇది గొప్ప హెచ్చరిక. ఇంకొకటి: లేని వాహనమును ఇరికించి, అబద్ధపు సాక్ష్యములతో పరిహారము కోరుట దొంగతనము, అది నిజమైన బాధితులకు గూడ అనుమానము తెచ్చిపెట్టును.

పరిహారములో సగము నాకు, సగము నీకు అని ఆసుపత్రి వాకిట బేరమాడు మధ్యవర్తులను దరిచేరనీయకుడు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, అల్పాదాయము గలవారికిని న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చును. ఫోను నంబరు 15100.

ఇక మన సంఘమునకు మా సూచనలు మూడు. పంట అప్పు తిరుగవ్రాయు దినమున ప్రతి సభ్యుని బండి ఇన్సూరెన్సు గడువును కార్యదర్శి యడిగి పుస్తకములో వ్రాయవలెను. కోతలకు ముందు సంఘమే మెరయు బిళ్లలు తెప్పించి సభ్యుల ట్రక్కుల వెనుక అంటింపవలెను. ఎముక విరిగిన ప్రమాదములో వైద్యుడు ఇక చికిత్స అక్కరలేదని చెప్పువరకు మన పెద్దలెవరును రాజీ కాగితముపై సాక్షి సంతకము చేయరాదని మహాజనసభలో తీర్మానింపవలెను. అప్పులు, ఎరువులు చూడవలసిన సంఘమునకు ఇది పనియా యని కొందరందురు. సభ్యుని కాలు విరిగి కాపు అమ్ముడుపోయిన యేడు సంఘపు బాకీ తీర్చువారెవరో వారే చెప్పవలెను.